ఎడమ చెయ్యి

ఆయన మోచేతి లోపల ఒక రొద ఉంటుంది.
సిర, ధమని కలిపి కుట్టిన చోట
రక్తం తోసుకుంటూ పరిగెత్తే చప్పుడు.
సూది గుచ్చే ముందు
స్టెతస్కోప్ ఆనించి నేను వినాలి, అది నా పని.
"ఎంత శ్రుతబ్బాయ్ ఇవాళ?" అంటారు పైడిరాజు గారు.
నాకేం తెలుసు. "బాగుంది సార్" అంటాను.
"బాగుండటమేంటి, నాలుగున్నర" అని
ఆయనే తేల్చేసి కళ్ళు మూసుకుంటారు.

ఐదొందల టికెట్టు నా చేతిలో ఊరికే పెట్టారు.
"నా కోసమే కచేరీ. తప్పకుండా రా.
పోయాక పెట్టే సభకైతే
నేను రాలేను గదా."

సాలిగ్రామంలో కల్యాణ మండపం, మేడ మీద హాలు.
పొద్దుటి పెళ్ళి బంతిపూలు ఇంకా గుమ్మానికే ఉన్నాయి.
బ్యానర్ మీద ఆయన పేరు
అరవంలో సరిగ్గానే ఉంది, తెలుగులో తప్పు పడింది.
ప్లాస్టిక్ కుర్చీలు, సగం ఖాళీ.
వానకి తడిసిన గొడుగులన్నీ ఒక మూల
కాకుల్లాగా ముడుచుకుని.

హైమావతి గారు వచ్చి మైకు అందుకున్నారు.
నలభై ఏళ్ళు కోరస్‌లో రెండో వరస,
తెర మీద ఏనాడూ పేరు పడని గొంతు.
వేరేవాళ్ళ పాట, వేరేవాళ్ళ శ్రుతి,
రెండు మెట్లు దించి మొదలుపెట్టారు.
పైస్థాయి దగ్గరికొచ్చేసరికి
అందలేదని మాకు తెలియకుండా
మైకు కాస్త దూరం జరిపారు.
తెలిసింది. చప్పట్లు కొట్టాం.

డెన్‌జిల్ గారి అకార్డియన్ తిత్తి
నడిమధ్యలో చిరిగి బుస్సుమంది.
నా జేబులో ఎప్పుడూ ఉండే ప్లాస్టర్ చుట్ట
స్టేజి దాకా వెళ్ళి ఇచ్చాను.
ఆ తర్వాత రెండు పాటలు
నా ప్లాస్టర్ కూడా ఊపిరి పీల్చింది, వదిలింది.

తొమ్మిదయింది. సూళ్లూరుపేట ఆఖరి బండికి
లేవాల్సిన టైము. లేచాను కూడా.
అప్పుడే ముందు వరసలోంచి ఆయనా లేచారు,
తబలా వైపు.

"సార్! ఎడమ చెయ్యి!"
హాలంతా నా వైపు తిరిగింది.
ఆ చేతికి రక్తపోటు పట్టీ కట్టకూడదు,
సంచీ తగిలించకూడదు, దాని మీద పడుకోకూడదు,
డగ్గా వాయించడం గురించి
మా ఆస్పత్రి కాగితంలో ఏమీ రాయలేదు గానీ.
ఆయన మైకులో నవ్వారు.
"ఎడమది ఆస్పత్రిదే బాబూ. నేను ముట్టుకోను.
కుడిది మాత్రం నాదే."

ఎడమ చేతిని ఒడిలో పడుకోబెట్టుకున్నారు,
లేపితే ఏడ్చే పసిబిడ్డని పెట్టుకున్నట్టు.
కుడి వేళ్ళు ఒక్కటే మాట్లాడుతున్నాయి,
అడుగు లేని మెట్ల మీద ఎవరో దిగుతున్నట్టు
కింద ఏమీ లేదు.
రిథమ్ ప్యాడ్ వాయించే ఇర్ఫాన్, పంతొమ్మిదేళ్ళవాడు,
చెప్పులు విడిచి వచ్చి పక్కన కూర్చుని
డగ్గా తన వైపుకి లాక్కున్నాడు.
మొదట్లో వెంట్రుకవాసి వెనక పడ్డాడు.
నాకు తాళం తెలీదు,
గొట్టంలో గాలి బుడగ వస్తే మిషను పెట్టే కూత తెలుసు.
ఆ కూత లాంటిది ఏదో లోపల మోగుతూనే ఉండి
ఎప్పుడాగిపోయిందో గమనించలేదు.
పెద్దాయన వాడి వైపు చూడనే లేదు.
చూడాల్సిన పని పోయినట్టుంది.

హాలు అద్దె, మైకు సెట్టు పోను
అరవై ఒక్క వేల నాలుగు వందలు.
అక్కడికక్కడే లెక్క కట్టాను, పాడు అలవాటు.
పూటకి పద్దెనిమిది వందలు, ముప్పై నాలుగు సార్లు.
అంటే పదకొండు వారాలు, ఆ పైన ఒక్క పూట.
మిగిలిన రెండొందలూ ఆ పూట ఆటోకి.

సోమవారం పొద్దున
చెయ్యి చాపి శ్రుతి అడగలేదు.
"రాత్రి బండి దొరికిందా?" అన్నారు.
"లేదు సార్. సెంట్రల్లో బల్ల మీద పడుకుని
అట్నుంచే డ్యూటీకి వచ్చేశా."
"అయ్యో" అన్నారు గానీ
ఆ అయ్యోలో బాధ పెద్దగా లేదు.

స్టెతస్కోప్ ఆనించాను. రొద ఉంది.
సూది దించాను.
కుడి చేతి వేళ్ళు మంచం కమ్మీ మీద మెల్లగా అందుకున్నాయి.
పక్క బెడ్డు ఆవిడ
టీవీ సౌండు తగ్గించింది.