కంచె దాటించగలిగినంత

దుకాణం ముందు మూడు బైకులు వరసగా నిలబెట్టాడు ఫర్గస్.
గొర్రెల సంతలో పళ్ళు తెరిచి చూపించేవాడిలా
ఒక్కోదాని గుణం చెప్పుకుపోతున్నాడు.
బయట వాన.
ట్వీడ్ లోయలో వాన వార్త కాదు.

"ఇది ఎనభై అయిదు న్యూటన్ మీటర్లు,
ఇరవై అయిదు కిలోలు,
కొండ దీనికి ఒక లెక్క కాదు."
నల్లది. మెడ కింద బ్యాటరీ
ఎలుకల కొట్లో పెరిగిన పిల్లిలా బలిసి ఉంది.
"చివరిది తేలిక. పందొమ్మిదే. మోటారు చిన్నది, కానీ..."
ఆ కానీ దగ్గర ఆగి
నా నెరిసిన జుట్టు వైపు చూశాడు.

నాకు యాభై ఎనిమిది.
ముప్ఫై ఒక్క ఏళ్ళు ఉన్నిమిల్లులో మగ్గాల మధ్య తిరిగాను.
మిల్లు మూసేసి ఫ్లాట్లు కట్టారు.
నా పన్నెండో నంబరు మగ్గం ఉన్నచోట
ఇప్పుడెవరిదో వంటిల్లు.
ఆఖరిరోజు వాళ్ళు చేతిలో పెట్టిన డబ్బు
ఇన్నాళ్ళూ ముట్టుకోలేదు.

బలం సంగతి నాకు చెప్పకు బాబూ,
మొదటి లాగుడు ఎలా ఉంటుందో చెప్పు.
ఒక్కసారిగా గుంజే మగ్గం
పొద్దున్నే పది పోగులు తెంపి పెడుతుంది.
ముళ్ళేసుకుంటూ కూర్చోవాలి మధ్యాహ్నందాకా.

ముందు నల్లది ఎక్కాను.
దుకాణం వెనక స్ప్రూస్ చెట్ల కింద సన్నటి దారి,
ముసలి చేతిమీద నరాల్లా తేలిన తడి వేళ్ళు.
పెడల్ మీద పాదం ఆనిందో లేదో
వెనక చక్రం నాకంటే ముందే ఒక నిర్ణయానికొచ్చేసింది.
హ్యాండిల్ ఒక దిక్కు, నేనొక దిక్కు,
బురద మాత్రం రెండు దిక్కులా.
"టర్బోలో పెట్టారండీ" అన్నాడు ఫర్గస్, చెయ్యందిస్తూ.
పెట్టాను.
అంత పిచ్చి బటను బొటనవేలి కిందే ఎందుకుంచారో
అతనికీ తెలియదు.

రెండోదాని గురించి చెప్పడానికేం లేదు.
రంగు బాగుంది.

మూడోది
తొక్కితే తోడొచ్చింది, తొక్కకపోతే ఊరుకుంది.
ఎగువ మలుపులో మోకాలు అడిగినంతే ఇచ్చింది,
ఉప్పు పాళ్ళు తెలిసిన చేయిలా.
మోటారు చప్పుడెంత సన్నమంటే
దానిమీదుగా ఎక్కడో బీట్లో
కర్ల్యూ పిట్ట పిలవడం వినపడింది.
దిగుడులో బ్రేకు మీద రెండు వేళ్ళు, అంతే.
మట్టి గడ్డలు గడ్డలుగా లేచి
నా వీపు మీద తన అభిప్రాయం రాసింది.

మోరాగ్ ఫోన్ చేసింది అప్పుడే:
"ఒక చార్జికి ఎంత దూరం పోతుందట?"
"బ్యాటరీయా, నేనా?"
"నీ సంగతి నాకు తెలుసులే."

ఇక అసలు పరీక్ష.
"మోటారు ఆపెయ్" అన్నాను.
"పూర్తిగానా?"
"పూర్తిగా. చచ్చిందనుకో. నవంబరు అనుకో.
నాలుగింటికే చీకటి, నేనింకా కొండమీదే."

మా కొండ మీద గొర్రెల కంచెలు ఏడు.
గేటున్నవి నాలుగు.
మిగతా మూడు చోట్ల రెండేసి చెక్కమెట్లు, పైన ముళ్ళతీగ.
బైకునెత్తి అవతల పెట్టాలి,
తర్వాత నన్ను నేను ఎత్తుకుని దాటాలి.
ఈ సంగతి
అతను నా చేతిలో పెట్టిన రంగుల కాగితంలో ఎక్కడా లేదు.

పెరటి వెనక రాతిగోడ, నడుమెత్తు.
నల్లదాన్ని పట్టాను. ముందు చక్రం లేచింది,
వెనకది కదిలితే ఒట్టు.
మూడోదాన్ని పట్టాను.
తొడమీద ఒకసారి ఆన్చి, భుజం కింద పెట్టి,
ఊపిరి బిగపట్టి —
నడుములో పాతనొప్పి లేచి కూర్చుని చూసింది,
ఎందుకో మళ్ళీ పడుకుంది.
బైకు గోడ దాటింది.
దాని వెనకే నేనూ, అంత అందంగా కాదు.

గోడకి ఇవతలే నిలబడిపోయాడు ఫర్గస్,
వానలో బిల్లు పుస్తకం చొక్కా లోపలికి దోపుకుంటూ.
"ఇదే కదా, తీసుకుంటారు కదా?"
"ఇదే."
"మరి... ఇటు తెస్తారా?"

గేటేమైనా ఉందా అని గోడ పొడుగునా చూశాను.
లేదు.
గ్లవ్స్ విప్పి జేబులో కుక్కుకుని
మళ్ళీ వంగాను.