వెనక సీట్లో మూడు వేల ఏళ్లు

యెరెవాన్ నుంచి సెవాన్ సరస్సుకి గంట దారి.
నా పాత నీవాలో ముగ్గురు పండితులు,
ఒళ్లో ఫైళ్లు, మోకాళ్ల మధ్య ఫ్లాస్కు.
మేమెక్కణ్ణించి వచ్చామో తేల్చడానికి వెళ్తున్నారు.
నేను బండి నడుపుతున్నాను.

పడమటి నుంచి, అన్నాడు ముందు సీటాయన.
ఫ్రిజియా వాళ్ల తోబుట్టువులం,
సముద్రపు పాయ దాటి, బండ్లు కట్టుకుని వచ్చాం,
ఒక గ్రీకువాడు ఏనాడో రాసిపెట్టాడు.
రాసినవాడు చూశాడా, అంది వెనక నుంచి వార్సెనిక్ గారు,
ఎక్కణ్ణించీ రాలేదు, ఇక్కడే ఉన్నాం,
ఈ నల్లరాళ్లకి మన అరికాళ్లు తెలుసు.
మూడో ఆయన మెత్తనివాడు.
హిట్టైట్ల మట్టిపలకల్లో హయాసా అని ఒక పేరుందట,
అది మనమే కావచ్చు, కాకపోనూ వచ్చు అంటూ
ప్రతి మలుపులోనూ రెండు పక్కలకీ ఒరుగుతున్నాడు.

మా బళ్లో ఇంత గొడవ లేదు.
హైక్ అనే విలుకాడు బేల్ అనే రాజుని
ఒక్క బాణంతో పడగొట్టాడు. మేం పుట్టాం.
ఆ తర్వాత బడిగంట కొట్టేవారు.

గ్యాస్ కోసం ఆపాను.
నింపేటప్పుడు బండిలో ఎవరూ ఉండకూడదు.
మూడు సిద్ధాంతాలూ దిగి చలిగాలిలో నిలబడ్డాయి.
పక్కనే ఒకావిడ బకెట్లో ఆపిల్ పళ్లు అమ్ముతోంది.
మెత్తనాయన ఒకటి కొరికి అన్నాడు:
ఖెంజోర్. పండు మనదే, మాట మనది కాదు.
హురియన్లదంటారు. మనకి ముందు ఈ కొండల్లో ఉండి
చెట్టుకి పేరు పెట్టి పోయినవాళ్లు.
పోలేదు, అంది వార్సెనిక్ గారు, మనలో కలిశారు.

నా చేతిలో గ్యాస్ రసీదు.
దాని మీద నా పేరు, సుకియాస్ ఖెంజోర్యాన్.

వాళ్లకి చెప్పలేదు.
మా తాత కథ ఆ ఫైళ్లలోకి ఎక్కేంత పాతది కాదు.
నూరేళ్లు దాటిందంతే.
మూష్ వైపు నుంచి కాబోలు, గాడిద గంపలో వచ్చాడు,
నాలుగేళ్లుంటాయేమో.
గ్యుమ్రీ అనాథాశ్రమంలో వరసలో నిలబెట్టి
గుమాస్తా అడిగాడట, నాన్న పేరేంటి, ఊరి పేరేంటి.
పిల్లాడి నోట ఒక్కటే మాట.
ఆకలేసి అన్నాడో, వాకిట్లో ఆ చెట్టే ఉండేదో,
పక్కవాడి చేతిలో పండు చూశాడో.
గుమాస్తా కలం సిరాలో ముంచి
మాట చివర యాన్ తగిలించాడు.
ఆపిల్ గారబ్బాయి.

తాత ఆపిల్ తినగా చూడలేదు నేను.
మాకు కోసిపెట్టేవాడు.
తొక్క ఎక్కడా తెగకుండా ఒకే తీగలా తీసి,
కాసేపు వేలికి చుట్టుకుని, కోళ్లకి వేసేవాడు.

ఆ ఒక్క మాటా అరువుదేనట.
ఇచ్చినవాళ్లు తిరిగి అడగడానికి లేరు.
కోపం రాలేదు నాకు.
ఎవరో ఆడమనిషి, నాకు రాని భాషలో,
ఇంకో నాలుగేళ్ల పిల్లాడికి పండు చూపించి
నోరు తిరిగేదాకా పలికిస్తున్నట్టనిపించింది.

బండెక్కే ముందు వార్సెనిక్ గారు
దూదిపుల్ల తీసి అడిగారు,
బుగ్గ లోపల ఒక్కసారి తిప్పుతాం, మీరూ ఇస్తారా?
కాసేపాగమన్నాను.
నోట్లో ఖెంజోర్ ఉంది.