తోకకు ఇరవై

మా చెరువులో పుట్టినవి కావివి.
తిరపతి నుంచి రాత్రిళ్లు వచ్చే చెత్త లారీలు
జమ్ము వెనకాల, ఎవరూ చూడని చోట
సత్రాల ఇస్తరాకులూ కుళ్లిన ఎర్రగడ్డలూ కుమ్మరిస్తే
వాటితో పాటే దిగినాయి
పిలవని చుట్టాల మాదిరి.

మొదట తుంగ దుంపలు తిన్నాయి.
పిమ్మట జమ్ము వేర్లు.
నీటికోళ్లు గూడు కట్టే చోటంతా
తలనీలాలిచ్చొచ్చిన గుండు మాదిరి అయిపోయినాక
తడి లేని ఎత్తు ఎతుక్కుంటా
కట్టలోకి దూరినాయి
పందికొక్కులు.

నేను నీరుగంటిని. తూము తాళంచెవి నా మొలతాడుకే ఉంటాది.
మా నాయన నాకిచ్చింది పార ఒకటి,
కట్టకు చెవి ఆనించి ఇనే ఇద్దె ఒకటి.
"పన్ను నడిస్తే గరగర.
నీళ్లు నడిస్తే గుసగుస.
గుసగుస ఇన్నావంటే అప్పటికే ఆలీసం అయినట్టురా."

కార్తీకంలో ఒక తెల్లారి
కట్ట బయటి పక్క, ఈతచెట్టు కింద
చెమట పట్టినట్టు ఒక తడి.
వేలు పెడితే చెయ్యి పోయింది.
చెయ్యి పెడితే భుజం పోయింది.
ఆ పొద్దు ముప్పైమందిమి ఇసక మూటలు మోసినాం
ఒకరినొకరు తిట్టుకుంటా.

పంచాయితీలో తేల్చినారు: తోకకు ఇరవై రూపాయలు.
కోదండం కుర్చీ ఏసుకోని తోకలు లెక్కబెట్టినాడు.
వారం తిరక్కముందే
మొండితోక కొక్కులు కట్ట మీద షికారు తిరిగినాయి.
కోసి వదిలేస్తే మళ్లీ పిల్లలు పెడతాయి గదా,
పిల్లలకీ తోకలుంటాయి గదా!
మా ఊరి పిల్లకాయలకు ఈ లెక్క ఏ అయివోరూ నేర్పలే.

తర్వాత మందు.
నల్లపొడి నూకల్లో కలిపి, బెల్లం తగిలించి.
కొక్కు తెలివైంది. ఒక ముసలిదాన్ని ముందు పంపి
రెండు రోజులు చూస్తాదంట.
చూడనివి చచ్చినాయి:
మొరవ రాళ్ల మీద రెక్కలు పరుచుకోని ఒక గుడ్లగూబ,
మూడు జెర్రిపోతులు,
సుబ్బరత్నం బాతులు పదకొండు.
ఆమె వాటిని వరసగా పడుకోబెట్టి
మమ్మల్ని పేరుపేరునా తిట్టింది.

అప్పుడు గుర్తొచ్చింది మాకు చెంగమ్మ.
ఏటి అవతల మిట్ట మీద యానాదుల ఇండ్లు,
ఓట్లప్పుడు తప్ప మేం తొక్కని దోవ.
వచ్చింది. అడుగుకు చిల్లి పెట్టిన కుండ, ఎండుగడ్డి, గడ్డపార.
కట్ట పొడుగునా మాట్లాడకుండా నడిచి
"దీనికి ఏడు వాకిళ్లు" అనింది.
ఆరు మట్టితో మూసి
ఏడోదానికి కుండ మూతి ఆనించి
చిల్లిలోంచి ఊదింది, ఊదింది,
కండ్లు ఎర్రబారేదాకా.
లోపల భూమి దగ్గింది.

పద్దెనిమిదింటిని గోతాంలో కట్టుకుంటే
మేం మొహాలు తిప్పుకున్నాం.
మోచేతి లోతున ఇంకో అర.
అరలో వడ్లు. ఒత్తుగా పేర్చిన కంకులు, బుట్టెడు.
"అయ్యి మా కయ్యల్లోవి" అన్నాడు కోదండం.
చెంగమ్మ పొగకు కారే ముక్కు తుడుచుకోని
"అట్టనే సామీ. లోపలికి పొయ్యి తెచ్చుకో" అనింది.
ఎవరూ నవ్వలే. నాకు నవ్వొచ్చింది.
బుట్ట నేనే ఎత్తి ఆమె నెత్తిన పెట్టినా.

పోతా పోతా ఆగి
జమ్ము ఉండిన దిక్కు గడ్డం ఎత్తి చూపించింది.
"ఆ గడ్డి మళ్లీ మొలవనియ్యండి.
నక్క వస్తాది, పాము వస్తాది.
నేనొకదాన్నే ఎన్ని బొక్కల్లో ఊదేది?"

ఆ దిక్కున ఇప్పుడు
సున్నం పూసిన రాళ్లు నాటి ప్లాట్లు కొలస్తా ఉండారు.
చెత్త మీద ఎర్రమట్టి తోలినారు, కట్ట మట్టే.
వాళ్లకు పొగ పెట్టేంత కుండ
ఏ కుమ్మరీ చెయ్యలే.

ఈ రాత్రి కట్ట మీదే పడుకున్నా.
చెవి కింద మట్టి చల్లగా ఉండాది.
గరగర.
లారీదో, పన్నుదో.
గుసగుస ఇంకా లేదు.
ఇంటా ఉండా.