పక్షానికి ఒకటి తక్కువ

బెర్గెన్‌లో మార్చి వాన.
వంటింటి బల్ల మీద పోర్చుగల్ పరిచాం.
ఉత్తరం కొస ఉప్పుగిన్నె కింద,
దక్షిణం కొస నా మోచేతి కింద.
మధ్యలో ఐవిండ్ చూపుడువేలు
ప్యాసింజరు రైలులా ఆగి ఆగి పోతోంది.

ఫెర్రీ ఇంజన్లు బాగుచేసే మనిషి.
తొందరపెడితే ఏ యంత్రమూ పలకదని తెలిసినవాడు.
అయినా ఈ పటం ముందు కూర్చుంటే చాలు,
ఎనిమిది ఇరవైకి బయల్దేరాలి అంటాడు,
పది యాభైకి ఇంకోటి అందుకోవాలి అంటాడు.
పెళ్లికి పిలవాల్సిన చుట్టాల్లాగా
ఊళ్లన్నిటినీ ఒక్కొక్కటే చదువుతాడు,
ఎవరూ అలగకూడదని:
పోర్తో, కోయింబ్రా, తొమార్, ఎవోరా, తవీరా.

నేను పిల్లలకి ఈత నేర్పుతాను.
నీళ్లలో మొదటి పాఠం
ఏమీ చేయకుండా తేలడం.
దాన్ని ఇతనికి ఏ గట్టు మీద నిలబడి చెప్పను?

ఆగస్టులో పెళ్లి, సెప్టెంబరులో సెలవు.
పద్నాలుగు రోజులు. పక్షానికి ఒకటి తక్కువ.
రానూ పోనూ రెండు తీసేస్తే పన్నెండు.
నీ పక్షం ఆరు, నా పక్షం ఆరు అని
ఇంకా ముడిపడకుండానే పంపకాలు పెట్టుకున్నాం.
తొమ్మిదో రోజు దగ్గర తేడా వచ్చింది.
అతనికి కోట కావాలి, నాకు సముద్రం.
కోట ఎక్కడికీ పోదన్నాను.
సముద్రం కిటికీ బయటే ఉంది కదా అన్నాడు.
ఉంది.
ఏ నెలలోనైనా మోకాళ్ల దాకానే అది.

కాసేపు ఫ్రిజ్ ఒక్కటే మాట్లాడింది.

అసలు ఈ పటం మాది కాదు.
చర్చి పక్కన పాతసామాన్ల కొట్లో
ఇరవై క్రోనర్లకి దొరికింది.
మడతల దగ్గర చీరలా పిగిలి
ఒక నది సగం చిరుగులో పడిపోయింది.
ఎవరో పెన్సిల్‌తో గీత గీశారు,
పోర్తో నుంచి దోరు నది వెంబడి పైకి,
చెయ్యి వణక్కుండా.
గీత పక్కన అంకెలు, ఒకటి రెండు మూడు.
ఆరు దగ్గర, పిన్యావ్ అనే ఓ చిన్న ఊళ్లో
గీత ఆగిపోయింది.
ఏడు లేదు.

దెబ్బలాడుకుని ఉంటారు, అన్నాడు ఐవిండ్.
డబ్బులైపోయాయేమో.
పెన్సిల్ ములుకు విరిగిందేమో.
అక్కడే ఉండిపోయారేమో, అన్నాను నేను.

కళ్లద్దాలు తీసి
ఆ ఊరి మీదికి వంగాడు,
మొరాయించిన ఇంజను మీదికి వంగినట్టు,
చెవి వాల్చి.

పిన్యావ్‌లో గదులు అద్దెకిచ్చే ఆవిడ పేరు దోనా ఎర్మెలిండా.
ఫోన్‌లో ఆమె ఇంగ్లీషూ మా ఇంగ్లీషూ
కరెంటు పోయిన మెట్ల మీద
ఎదురుపడ్డ ఇద్దరిలా తడుముకున్నాయి.
ద్రాక్షకోతల రోజులు, ఉన్నది ఒక్కటే గది అంది.
గది నదివైపా, రోడ్డువైపా అని నేను అడగబోయే లోపు
ఆమే అడిగింది:
దుప్పటి ఒకటా, రెండా?

మా దేశంలో మొగుడికో దుప్పటి, పెళ్లానికో దుప్పటి.
అలవాటే గాని అలక కాదు.
నాలుగేళ్లుగా ఐవిండ్ అర్ధరాత్రి డ్యూటీ దిగి వచ్చి
డీజిల్ వాసనతో సహా
తన దుప్పట్లోకి తాను చుట్టుకుంటాడు,
నా నిద్ర అంచు కూడా కదలకుండా.

రెండు, అన్నాను నేను.
అదే క్షణంలో అతను, ఒకటి.

అవతల ఎర్మెలిండా నవ్వింది.
నవ్వుకి ఏ భాషా తడుముకోనక్కర్లేదు.
చలిగా ఉంటే రెండోది బీరువాలో ఉంటుంది, అంది.
ఎన్ని రాత్రులు?

టైంటేబుల్ అతని చేతి కిందే ఉంది.
చూడలేదు.
నేను పెన్సిల్ తీసుకుని
ఎవరిదో ఆరు పక్కన, అదే ఊళ్లో
మాది ఏడు వేశాను.
ఎనిమిది తను వేస్తానన్నాడు.
మెకానిక్ చేతిరాత, ఎనిమిది కాస్తా
రెండు నట్లు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టొచ్చింది.

కోట సంగతి ఇంకా తేలలేదు.