తొమ్మిదో వంతు గొర్రె

తెల్ల పలక మీద ఒక చుక్క రక్తరసం,
పక్కనే గులాబీ రంగు మందు ఒక చుక్క.
పుల్లతో కలిపి నాలుగు నిమిషాలు ఊపుతాను.
పాలు విరిగినట్టు పలుకులు కడితే
ఎర్మెక్ దస్తరులో ఎర్ర పెన్సిలు గీస్తాడు.
గీత గీయడానికి అర నిమిషం పట్టదు.
దాని అర్థం చెప్పడానికే
నా పదకొండేళ్ళ నౌకరీ చాలడం లేదు.

మందు పెట్టె మీద అచ్చువేసిన మాట నిజమే:
జబ్బున్న వందలో తొంభై అయిదింటిని పట్టుకుంటుంది,
జబ్బులేని వందలో మూడింటి మీద నింద వేస్తుంది.
ఇంత నమ్మకమైన మనిషి దొరికితే
మా చెల్లెల్నిచ్చి పెళ్ళి చేద్దును.
కానీ ఆ పెట్టె ఏ లోయనూ చూడలేదు.

కింద టాష్‌బాషాత్‌లో వెయ్యి గొర్రెలుంటే
రెండు వందలకు జబ్బు.
అక్కడ వసంతమంతా ఈసుకుపోయిన పిల్లల్ని పూడ్చడమే,
కాపరుల కీళ్ళలోకి జ్వరం మునిమాపున వచ్చి
తెల్లారి పోవడమే.
అక్కడ ఎర్ర గీత పడిందంటే
పదింట తొమ్మిది సార్లు గీతదే గెలుపు.

పైన కెన్‌సూలో వెయ్యికి నాలుగు.
ఆ నాలుగూ దొరుకుతాయి, సరే.
మిగిలిన తొమ్మిది వందల తొంభై ఆరులోంచి
ఏ పాపమూ ఎరగని ముప్పై
వాటి పక్కన వచ్చి నిలబడతాయి.
అదే చుక్క, అదే గులాబీ, అవే పలుకులు.
జల్లెడ మారలేదు,
జల్లించే గింజలు మారాయి.

నరిన్ ఆఫీసు నివేదికలో మాత్రం
రెండు లోయలకూ కలిపి సగటు: పది శాతం.
పది శాతం జబ్బున్న లోయ కోసం
గుర్రమెక్కి వారం తిరిగినా కనబడదు.
అక్కడ గడ్డి ఎలా ఉంటుందో
చూడాలని నాకెంత కోరికో.

షాయిర్‌గుల్ ఉండేది పైన, కెన్‌సూలో.
ఆమె బూడిద రంగు గొర్రెకు గీత పడింది.
ఊలు గుడారం బయట కురుత్ ఉండలు ఎండబోస్తూ
తలెత్తకుండా అడిగింది: "ఉందా, లేదా?"

నేల మీద ముప్పై నాలుగు రాళ్ళు పేర్చాను.
నాలుగు నల్లవి.
"కళ్ళు మూసుకుని ఒకటి తియ్యి" అన్నాను.
తియ్యలేదు.
"అంటే తొమ్మిదింట ఒక వంతు జబ్బు.
ఆ తొమ్మిదో వంతు గొర్రెను ఎటువైపు కొయ్యను?
చెవి వైపా, తోక వైపా?"

నా దగ్గర ఉన్నవి చెప్పాను.
ఇప్పుడే కొయ్యకు. మందలో కలపకు.
పాలు కాచకుండా నోట పెట్టకు.
మళ్ళీ రక్తం తీస్తాను, వేరే పరీక్షకు బిష్కెక్ పంపుతాను.

పదహారు రోజులు ఆ గొర్రె
తాడు పొడుగునా గుండ్రంగా గడ్డి మేసింది.
కాగితం వచ్చింది.
నాలుగింటిలో ఒకటి.

"మరి మన లెక్క తప్పినట్టేనా?" అన్నాడు ఎర్మెక్.
కాదురా. తొమ్మిదింట ఒకటి అంటే
ఎవరిదీ కాదని కాదు.
ఎవరిదో ఒకరిది.
ఆ ఒకరి గుమ్మం ముందు నిలబడి
"ఎనిమిది వంతులు నీ వైపే ఉన్నాయి" అని చెప్పి వచ్చింది నేనే.

మిగిలిన ముప్పై ఇంకా మేస్తున్నాయి.
వాటి వాళ్ళెవరూ నాకు చల్లగా ఉండమని చెప్పలేదు.
జరగని కోతకు ఎవరు చెబుతారు?

షాయిర్‌గుల్ కేకలు వేస్తుందనుకున్నాను.
టీ పోసింది. రొట్టె విరిచి నా ముందుకు తోసింది.
చాలాసేపటికి,
"పైలోయలో వెయ్యికి నాలుగని
ఎవరు చెప్పారు నీకు?"

"నేనే లెక్కపెట్టాను."

"ఎప్పుడు?"

మూడేళ్ళ కిందట. కింది లోయ వాళ్ళు
ఈ గడ్డికి మందలు తోలడం మొదలుపెట్టకముందు.

గిన్నె చేతిలోనే ఉండిపోయింది.

"మళ్ళీ లెక్కపెట్టు" అంది.