ఇరవై నిమిషాలు

పామూరు దాటి పదకొండు కిలోమీటర్లు మా ఆస్పత్రి.
పేరులోనే పాముంది గదా,
ఇంక అడిగేదేముంది.

రాత్రి తొమ్మిదింటికి, మోటారు సైకిల్ మీద
ఇద్దరి మధ్య ఇరికించి మాలకొండయ్యను తెచ్చారు.
యూరియా సంచిలో పామును కూడా తెచ్చారు,
దానికీ ఓపీ చీటీ రాయించాలన్నట్టు.
తల నుజ్జు చేశారు. ఏ పామో ఎట్టా చెప్పను?

"సూదెయ్యి సిస్టరమ్మా" అంటది పెళ్ళాం.
"ముందు ఆ తాడు విప్పు తల్లీ" అంటాను.
డాక్టరుగారు ఈ నెల రెండు ఆస్పత్రులకూ ఒక్కరే.
ఫోనెత్తి "రక్తం చూడు" అన్నారు.
మిగతా మాట కందిచేలల్లో ఎక్కడో రాలిపోయింది.

గాజుగుడ్డలో చుట్టి బీరువాలో
ఒక గాజు గొట్టం దాచుకుంటాను.
దానికి సబ్బు తగిలితే రక్తం అబద్ధం చెబుతుంది.
కొత్తలో మస్తాన్‌బీ పాపం తళతళా తోమింది,
ఆరోజు తిట్టిన తిట్లకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

రెండు మిల్లీలీటర్లు.
కదపకుండా ఇరవై నిమిషాలు.
గడ్డ కడితే సరే.
నీళ్ళల్లే జారితే రక్తపింజరి.
కావాల్సింది పది సీసాలు, ఉన్నవి ఎనిమిది.

కరెంటు పోయింది.
ఫ్రిజ్ తలుపు తియ్యొద్దని అందరికీ చెప్పాను,
తీసేది నేనొక్కదాన్నే అయినా.

వరండా బల్ల మీద ఓబులమ్మ
"ఆ తెల్ల బిళ్ళ ఇంకోటియ్యమ్మా" అంటా ఉంది.
నడుం వంగదు, మెడ తిరగదు,
పిలిస్తే మనిషంతా తిరుగుద్ది, తలుపు తిరిగినట్టు.
నలభై ఏళ్ళ బోరు నీళ్ళు ఎముకల్లో రాయై కూర్చున్నాయి.
ఈ ఊళ్ళో నీళ్ళు గడ్డ కడతాయి గదా దేవుడా,
ఈ చెంచాడు రక్తం కట్టదా?

పోయిన ఆషాఢంలో కట్టలేదు.
వేరుశనగ కలుపుకి పోయిన పిల్ల, పద్నాలుగేళ్ళు.
కందుకూరు దోవలో, అంబులెన్సులో, చెయ్యి పట్టుకునే ఉన్నాను.
వలేటివారిపాలెం దాటాక
ఆ చెయ్యి నేను పట్టుకున్నదే గానీ
అది నన్ను పట్టుకున్నది కాదు.

"అయిందా?" అని పెళ్ళాం.
ఇంకా నాలుగు నిమిషాలు.
సెల్‌ఫోను వెలుతుర్లో అందరం
గొట్టాన్ని చూస్తన్నాం, మాలకొండయ్య తప్ప.
వాడు నా మొహం చూస్తన్నాడు.

వంచాను.

ముంజెకాయలో ముంజెలా
కదలకుండా కూర్చుంది.

"విషం లేదు."
"మరి సూది?"
"అక్కర్లేదమ్మా, పొద్దున్నేదాకా ఇక్కడే ఉంచి చూస్తాం."
"ఇంత దూరమొస్తే ఊరికే పండబెడతావా?"
టీటీ ఇంజక్షన్ వేశాను.
వేసింది అతనికి, నొప్పి తగ్గింది ఆమెకి.

తెల్లారి మళ్ళీ చూశాను, మళ్ళీ గడ్డ కట్టింది.
నడిచే వెళ్ళాడు. సంచి మరిచిపోయారు.
వాచ్‌మన్ చెంచురామయ్య దాన్ని పుల్లతో తిరగేసి
"జెర్రిపోతమ్మా ఇది, ఎలకలు తినేది" అన్నాడు.
"దీన్ని ఏ రిజిస్టర్లో రాద్దాం?"

నేనేం మాట్లాడలేదు.
వట్టి నీళ్ళతో గొట్టం కడిగి
కిటికీలో ఎండ పడేచోట బోర్లించాను.
ఓబులమ్మ మనిషంతా తిరిగి
అటు చూసింది.