తట్టడం

జూరా కొండల్లో, ఒకప్పుడు ఫిరంగిమందు దాచిన కోటలో
ఇప్పుడు చీజు నిద్రపోతుంది.
ఒక్కొక్కటి బండి చక్రమంత, నలభై కిలోలు,
స్ప్రూస్ చెక్కల మీద కప్పు దాకా వరసలు.
ఎనిమిది డిగ్రీల చలి.
అమ్మోనియా ఘాటు ముక్కు కన్నా ముందు కళ్ళకి తెలుస్తుంది.

ఒదీల్ చిన్న సుత్తి పట్టుకుని వస్తుంది.
దీపాల జివ్వుమనే రొద తట్టుకోలేక
ఉన్ని టోపీ చెవుల దాకా లాక్కుని,
అయినా ఆ ఉన్నిలోంచే వింటూ
అంచు నుంచి నడుముకి, నడుము నుంచి అంచుకి
టక్ టక్ టక్.
"లోపల చీలిక. ఈ పక్కన. రెండు వేళ్ళ లోతున."
కోసి చూస్తాం. ఉంటుంది.
ఎలా తెలిసిందీ అంటే
"మీకెలా తెలియలేదు?" అని అడుగుతుంది.
ఎగతాళేమీ ఉండదు గొంతులో. జవాబు కోసం ఆగుతుంది కూడా.

బెజాన్సోన్‌లో ఒక గదిలో ఆమెకి కళ్ళ ఫోటోలు చూపించారట.
ముక్కు లేదు, నోరు లేదు, ఉత్త కళ్ళు.
సిగ్గా, అనుమానమా, దిగులా, టిక్కు పెట్టమన్నారట.
మూడో నంబరు మనిషికి ఎడమ రెప్ప మీద
కురుపు లేవబోతోందని రాసింది ఒదీల్.
ఆ జవాబుకి గడి లేదు.
కాగితం అడుగున ఎవరో తేల్చేశారు,
ఎదుటివాళ్ళ మనసు ఈమెకి తట్టదని.

నేనూ అదే అనుకున్నాను, చాలాకాలం.
సాక్ష్యం కూడా ఉంది నా దగ్గర.
ముసలి వెర్నరే రిటైరయిన రోజు
కేకు కోశాం, పాడాం, ఆయన ఏడ్చాడు.
ఒదీల్ తన ముక్క తిని, ప్లేటు కడిగి,
పధ్నాలుగో వరసకి వెళ్ళిపోయింది.
మూడు వారాలయ్యాక అడిగింది, వెర్నరే ఎందుకు రావట్లేదని.
చెప్పాను.
ఆ మధ్యాహ్నమంతా ఆయన ఏప్రాను తగిలించే
ఖాళీ కొక్కెం ముందు నిలబడింది.
కేకు అంటే వీడ్కోలని
ఆమెకి మేమెవరం చెప్పాం గనక?

ఇక ఫిబ్రవరి సంగతి.
మెలీన్‌ని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన మర్నాడు.
ఉయ్యాల ఉన్న అట్టపెట్టెను విప్పకుండానే అటకెక్కించి
పనికొచ్చాను.
జోకులేశాను. గొంతు రోజూ కన్నా పెద్దది చేశాను.
అందరూ నవ్వారు. నేను ఇంకాస్త ఎక్కువ నవ్వాను.
మెట్ల కింద, వెనక్కి తిరగకుండానే, ఒదీల్ అంది:
"ఇవాళ నీ అడుగు బోలుగా ఉంది."

మనసుకి తట్టింది అంటాం,
ఎవరో వచ్చి తలుపు కొట్టినట్టు,
తీస్తే జవాబు గుమ్మంలో నిలబడి ఉన్నట్టు.
ఆమె గుమ్మంలోకి ఎవరూ రారు.
ఆమే వెళ్ళి కొడుతుంది, ఒక్కొక్క తలుపూ, ఏళ్ళ తరబడి.
పదకొండేళ్ళ నా బూట్ల చప్పుడు
నాకు తెలియకుండా ఆమె దగ్గర జమయి ఉంది.
మేం దాన్ని మాయ అన్నాం. లేదంటే జబ్బన్నాం.
రెండిట్లో ఏదన్నా మాకు శ్రమ తప్పింది.

చేతిలో చెక్క ఉంది. దాన్ని కింద పెట్టాలని కూడా
నాకు తట్టలేదు.
"ఎక్కడ?" అని అడిగింది.
ఏమైంది అని అడిగి ఉంటే ఏమీ లేదనేవాణ్ణి.
ఎక్కడ అంటే అబద్ధం దొరకలేదు.
ఇరవై మూడు వారాలు, అన్నాను. అమ్మాయి, అన్నాను.

అయ్యో అనలేదు. భుజం మీద చెయ్యి వేయలేదు.
ముట్టుకోవడం ఆమెకి పడదు,
ఆ రోజు నాకూ పడేది కాదు.
వచ్చి చెక్క రెండో కొస పట్టుకుంది.
సాయంత్రం దాకా తిప్పాం ఆ వరసంతా,
ఉప్పు రుద్ది, బోర్లించి, మళ్ళీ ఉప్పు రుద్ది.
నడుమ ఎప్పుడో సుత్తి నా చేతికిచ్చింది.
కొట్టాను.
నాకన్నీ ఒకేలా వినిపించాయి.
"మళ్ళీ," అంది.